చెల్సీలో నిల్స్ మిడెల్‌బో ఆడింది 41 లీగ్ మ్యాచులేనా?

ప్రశ్న ఇది: డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు నిల్స్ మిడెల్‌బోకి రెండు ఒలింపిక్ రజతాలున్నాయి, లండన్ క్లబ్బు చెల్సీకి కెప్టెన్‌గా కూడా చేశాడు. కానీ 1913లో చేరి 1920ల మొదటిదాకా అక్కడే ఉన్నా అతని పేరు మీద లీగ్ మ్యాచులు 41 మాత్రమే. దేశానికి ఆడినవి 13. గాయాలా? బెంచీకే పరిమితమయ్యాడా? లేక పేరు గొప్ప, ఊరు దిబ్బా?

మూడూ కాదు. బెంచీ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అప్పట్లో బెంచీయే లేదు. ఇంగ్లిష్ లీగులో సబ్‌స్టిట్యూట్‌ని అనుమతించింది 1965–66 సీజన్ నుంచి. అంతకుముందు పదకొండు మంది దిగితే ఆ పదకొండు మందే చివరిదాకా. కాబట్టి గాయపడి మధ్యలో బయటికి పోతే తప్ప 41 అంటే 41 పూర్తి మ్యాచులే, అంటే దాదాపు 3,690 నిమిషాల ఆట. ఇవాళ్టి ఆటగాడి ఖాతాలో 41 మ్యాచులు కనిపిస్తే అందులో చివరి పావుగంటకి దిగినవి ఎన్నో విడిగా చూడాలి. మిడెల్‌బో విషయంలో ఆ పని లేదు.

ఇక 41ని దేనితో పోల్చాలన్నది అసలు చిక్కు. 1913 నుంచి 1921 దాకా ఎనిమిది సీజన్లు, ఒక్కోదానికి నలభై మ్యాచులు, మొత్తం 320, అందులో 41 అని లెక్క వేసుకుంటే మనిషి పనికిరానివాడిలాగే కనిపిస్తాడు. ఆ లెక్కలో రెండు చోట్ల తప్పుంది.

మొదటిది యుద్ధం. ఫుట్‌బాల్ లీగ్ 1914–15 సీజన్‌ని ఎలాగో పూర్తి చేసి ఆగిపోయింది. మళ్లీ మొదలైంది 1919 ఆగస్టు చివర. మధ్యలో నాలుగు సీజన్లు లండన్ క్లబ్బులు లండన్ కాంబినేషన్ అనే ప్రాంతీయ పోటీ ఆడుకున్నాయి. చెల్సీ దాన్ని 1915–16లోనూ 1917–18లోనూ గెలిచింది కూడా. అయినా ఆ మ్యాచులేవీ అధికారిక లీగ్ రికార్డులోకి రావు. వాటిని కలిపినవాళ్లకి ఒక సంఖ్య, కలపనివాళ్లకి మరో సంఖ్య వస్తాయి. రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తే కంగారు పడకండి, ముందు అడగాల్సింది 'యుద్ధకాలపు మ్యాచులు కలిపారా, లేదా' అని. అవి తీసేస్తే మిగిలేవి నాలుగు సీజన్లు: 1913–14లో 38 మ్యాచులు, 1914–15లో 38, లీగుని 22 జట్లకి పెంచాక 1919–20లో 42, 1920–21లో 42. మొత్తం 160.

రెండోది ఉద్యోగం. మిడెల్‌బో చెల్సీలో ఉన్నన్నాళ్లూ అమెచ్యూర్. లండన్‌లో బ్యాంకులో పనిచేసేవాడు, ఫుట్‌బాల్ నుంచి జీతం తీసుకోలేదు. లీగ్ మ్యాచులు శనివారం మధ్యాహ్నం జరిగేవి, బ్యాంకులు శనివారం పూటా సగం రోజు పనిచేసేవి. స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో ఆటైతే ఇబ్బంది లేదు. పని ముగించుకుని డిస్ట్రిక్ట్ రైలెక్కి వాల్హామ్ గ్రీన్‌లో దిగితే (ఇప్పుడు ఫుల్‌హామ్ బ్రాడ్‌వే అంటారు) మైదానం పక్కనే. బయటి ఊళ్లో ఆటైతే కథ మారిపోతుంది. 1913–14 మొదటి డివిజన్ పట్టిక ఒకసారి చూడండి: న్యూకాజిల్, సండర్లాండ్, మిడిల్స్‌బ్రో, బ్లాక్‌బర్న్, బర్న్‌లీ, బోల్టన్, ఓల్డ్‌హామ్, ప్రెస్టన్, మాంచెస్టర్‌వి రెండు, లివర్‌పూల్‌వి రెండు, షెఫీల్డ్‌వి రెండు... చెల్సీ కాక ఇరవై జట్లలో లండన్‌ది ఒక్కటే, టాటెన్‌హామ్. ఆర్సెనల్ అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది. 1919–20లో ఆర్సెనల్ పైకొచ్చింది, టాటెన్‌హామ్ కిందికి పోయింది, అంటే మళ్లీ ఒక్కటే. సండర్లాండ్ వెళ్లాలంటే మధ్యాహ్నం ఆటకి శుక్రవారమే రైలెక్కాలి. బ్యాంకు గుమస్తాకి పదిహేను రోజులకోసారి శుక్ర, శని సెలవులు ఎవరిస్తారు?

అందుకే అతను దూరపు ఊళ్ల ఆటలకి చాలావాటికి వెళ్లేవాడు కాదు. అలాంటప్పుడు పోల్చాల్సింది 160తో కాదు, సొంత మైదానంలో జరిగిన మ్యాచులతో. అవి 19, 19, 21, 21 కలిపి 80. అతని 41లో బయట ఆడినవీ కొన్ని ఉంటాయి కాబట్టి సరిగ్గా 80కి 41 అని రాసేయడమూ తప్పే. అయినా 320లో 41కీ, 80కి దగ్గర్లోని ఏదో అంకెలో 41కీ ఉన్న తేడా మీకు అర్థమయ్యే ఉంటుంది. మొదటి లెక్క అతన్ని జట్టులో చోటు దొరకనివాడిగా చూపిస్తుంది. రెండోది వీలున్నప్పుడల్లా జట్టులో చోటు ఖాయంగా ఉన్నవాడిగా చూపిస్తుంది. రెండోదే నిజానికి దగ్గర. వారం వారం ఆడే ప్రొఫెషనల్‌ని పక్కనపెట్టి, వీలు దొరికినప్పుడొచ్చే మనిషికి చోటివ్వడమే కాదు, కెప్టెన్సీ కూడా ఇచ్చారంటే మొహమాటానికి ఇచ్చింది కాదు.

అమెచ్యూర్ అనే మాటని మనవాళ్లు 'నేర్చుకుంటున్నవాడు' అన్న అర్థంలో వాడేస్తారు. ఇక్కడ అది కేవలం డబ్బుకి సంబంధించిన వర్గీకరణ. 1901లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ప్రొఫెషనల్ వారపు జీతానికి 4 పౌండ్ల గరిష్ఠ పరిమితి పెట్టింది, 1910లో దాన్ని 5 పౌండ్లు చేశారు. ప్రొఫెషనల్ రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలో ఉండేది. క్లబ్బు వదిలితే తప్ప, కొనే క్లబ్బు సొమ్ము కడితే తప్ప అతను కదలడానికి లేదు. అమెచ్యూర్‌కి జీతం ఉండదు, ఆ గొలుసూ ఉండదు. దారి ఖర్చు, భోజనం, బస లాంటి అసలు ఖర్చులు మాత్రం తీసుకోవచ్చు. క్లబ్బుకి అతని మీద పట్టు లేదు, 'రావాల్సిందే' అనే హక్కూ లేదు. అంటే మిడెల్‌బో ఆటకి రాకపోవడం అప్పటి కళ్లకి క్రమశిక్షణ తప్పడం కాదు. అమెచ్యూర్‌ని తీసుకునేటప్పుడే క్లబ్బుకి తెలిసిన షరతు అది.

మరి ప్రొఫెషనల్ అయిపోవచ్చుగా? అవ్వచ్చు, కానీ అతని దేశం తలుపు మూసుకుపోయేది. డెన్మార్క్ ఫుట్‌బాల్ సంఘం ప్రొఫెషనల్ ఆటని 1978 దాకా ఒప్పుకోలేదు. దీనికి సరైన పోలిక కార్ల్ హాన్సెన్, మారుపేరు 'స్కోమార్', అంటే చెప్పులు కుట్టేవాడు. 1921లో అతను స్కాట్లండ్ వెళ్లి గ్లాస్గో రేంజర్స్‌లో ప్రొఫెషనల్‌గా చేరాడు, అక్కడ గోల్స్ బాగా కొట్టాడు, జనం నెత్తిన పెట్టుకున్నారు. కానీ ప్రొఫెషనల్ అయ్యాక డెన్మార్క్ జట్టు గుమ్మం తొక్కే దారి లేకపోయింది. మిడెల్‌బో చెల్సీలో ఏళ్లు గడిపాక కూడా 1920 ఒలింపిక్స్‌లో డెన్మార్క్ కెప్టెన్‌గా దిగగలిగాడంటే కారణం ఆ బ్యాంకు ఉద్యోగమే. అతని 41 చిన్నదవడానికీ, జాతీయ జట్టులో కెరీర్ పన్నెండేళ్లు సాగడానికీ కారణం ఒక్కటే.

ఇక 13 అంతర్జాతీయ మ్యాచుల సంగతి. ఇక్కడ కూడా ముందు అడగాల్సింది అతను ఎన్ని ఆడాడని కాదు, డెన్మార్క్ ఎన్ని ఆడిందని. జట్టు అధికారిక చరిత్ర మొదలైందే 1908 అక్టోబరు 19న. ఆ ఏడు మూడు మ్యాచులు, మూడూ ఒలింపిక్స్‌లోనే. 1909లో ఒక్కటీ లేదు. 1910లో ఒకటి, 1911లో ఒకటి. అంటే 1911 చివరికి ఎంత గొప్పవాడైనా 5 దాటడానికి వీల్లేదు. ఇప్పటి ఆటగాడు ఒక్క ఏడాదిలోనే పది పన్నెండు ఆడేస్తాడు. యుద్ధం వచ్చాక డెన్మార్క్ స్వీడన్, నార్వేలతోనే ఆడుతూ వచ్చింది. లండన్‌లో పనిచేసుకునేవాడికి మైన్లూ సబ్‌మెరైన్లూ నిండిన ఉత్తర సముద్రం దాటి ఆదివారం ఆటకి వెళ్లిరావడం జరిగే పని కాదు. పౌల్ నీల్సెన్ 38 మ్యాచుల్లో 52 గోల్స్ కొట్టి డెన్మార్క్ రికార్డు నెలకొల్పాడు. దశాబ్దాల తర్వాత యోన్ డాల్ తోమాసన్ సరిగ్గా అదే 52కి చేరడానికి 112 మ్యాచులు పట్టాయి. పౌల్ నీల్సెన్ 52లో చాలావరకు స్వీడన్, నార్వేల మీద కొట్టినవే. మిడెల్‌బోకి దక్కనివి సరిగ్గా ఆ మ్యాచులే.

అతను ఎంత మంచి ఆటగాడో చెప్పాలంటే 1908ని జాగ్రత్తగా చూడాలి. జాగ్రత్తగా అని ఎందుకంటున్నానంటే ఆ ఏటి స్కోర్లు కళ్లు చెదరగొడతాయి, కానీ వాటిలో సరుకు తక్కువ.

లండన్ వైట్ సిటీ స్టేడియంలో అక్టోబరు 19న డెన్మార్క్ ఫ్రాన్స్ బి జట్టుని 9–0తో ఓడించింది. మిడెల్‌బో పదో నిమిషంలో కొట్టినది డెన్మార్క్ అధికారిక చరిత్రలోనే మొదటి గోల్. ఆ మ్యాచులో అతనివి 2, విల్హెల్మ్ వోల్ఫ్‌హాగెన్‌వి 4, హరాల్డ్ బోర్‌వి 2, సోఫస్ నీల్సెన్‌ది 1. (అవును, ఆ బోర్ గణిత శాస్త్రవేత్తే, అణు శాస్త్రవేత్త నీల్స్ బోర్ తమ్ముడు. నీల్స్ కూడా తమ్ముడి క్లబ్బు అకడమిస్క్ బోల్డ్‌క్లబ్‌లోనే గోల్ కీపర్‌గా ఆడాడు కానీ ఒలింపిక్ జట్టులో లేడు. నిల్స్, నీల్స్ అని ఇద్దర్నీ ఒకటి చేసి రాసినవి కనిపిస్తుంటాయి, చూసుకోండి.) మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్ ఎ జట్టు మీద 17–1. సోఫస్ నీల్సెన్ ఒక్కడే 10 కొట్టాడు, అందులో మూడు మొదటి ఆరు నిమిషాల్లోనే. ఒక్క అంతర్జాతీయ మ్యాచులో పది గోల్స్ రికార్డుని 1912లో జర్మనీ ఆటగాడు గాట్‌ఫ్రీడ్ ఫుక్స్ సమం చేశాడు, దాటింది మాత్రం 2001లో, అమెరికన్ సమోవా మీద 13 కొట్టిన ఆస్ట్రేలియా ఆటగాడు ఆర్చీ థాంప్సన్.

పోటీకి వచ్చినవి ఆరంటే ఆరు జట్లు, అందులో రెండు ఒకే దేశానివి. హంగరీ, బొహీమియా (ఇప్పటి చెక్ ప్రాంతం) రాలేదు. ఆ 17 గోల్స్ తిన్న ఫ్రాన్స్ కంచు పతకం కోసం ఆడకుండానే ఇంటికి వెళ్లిపోయింది. అలాంటి జట్టు మీద కొట్టిన గోల్స్‌తో ఎవర్నీ తూకం వెయ్యకండి. సోఫస్ నీల్సెన్ కెరీర్‌లో 20 మ్యాచులు, 16 గోల్స్. ఆ ఒక్క మధ్యాహ్నం తీసేస్తే 19 మ్యాచుల్లో 6. మంచి ఫార్వర్డే, కానీ పది గోల్స్ బొమ్మ చూసి ఊహించుకునే మనిషి కాదు.

నన్నడిగితే 17–1 కంటే, అక్టోబరు 24న ఓడిపోయిన ఫైనల్ 0–2 ఎక్కువ చెబుతుంది. ఎదుటి జట్టు పేరుకి గ్రేట్ బ్రిటన్, నిజానికి ఇంగ్లండ్ అమెచ్యూర్లు. వాళ్లు మొదటి రౌండులో స్వీడన్‌ని 12–1తో, సెమీస్‌లో నెదర్లాండ్స్‌ని 4–0తో పిండి చేసి వచ్చారు. డెన్మార్క్ వాళ్లని రెండు గోల్స్ దగ్గర ఆపింది. ఆపిన హాఫ్ బ్యాక్ వరసలో ముగ్గురు: హరాల్డ్ బోర్, క్రిస్టియన్ మిడెల్‌బో, నిల్స్ మిడెల్‌బో. క్రిస్టియన్ నిల్స్ అన్న. పాత పట్టికల్లో మొదటి అక్షరం వదిలేసి ఇంటిపేరు మాత్రమే వేసిన చోట ఇద్దరి లెక్కలూ కలిసిపోయే ప్రమాదం ఉంది.

హాఫ్ బ్యాక్ అంటే ఏం చేసేవాడో తెలియకపోతే ఇదంతా పేర్ల జాబితాగానే మిగిలిపోతుంది. అప్పటి అమరిక 2–3–5: వెనక ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. పక్క హాఫ్ బ్యాక్ పని ఎదుటి జట్టు వింగర్‌ని (అంచున ఆడే ఫార్వర్డ్‌ని) పట్టుకోవడం, బంతి దొరికితే తన వైపు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కి (వింగర్‌కి లోపలి పక్కన ఆడేవాడికి) అందించడం. మధ్య హాఫ్ బ్యాక్ జట్టుకి ఇరుసు, ఇప్పటి సెంటర్ బ్యాక్ కాదు. ఈ పేరు చూసి 'డిఫెండర్' అని రాసేవాళ్లు చాలామంది. ఆఫ్‌సైడ్ నిబంధన కూడా వేరు. 1925 దాకా దాడి చేసేవాడికీ గోల్ గీతకీ మధ్య ఎదుటివాళ్లు కనీసం ముగ్గురుండాలి (ఇప్పుడు ఇద్దరు). దాంతో ఒక ఫుల్ బ్యాక్ నాలుగడుగులు ముందుకేస్తే ఫార్వర్డ్‌లంతా ఆఫ్‌సైడ్‌లో పడేవాళ్లు. ఫలితంగా ఆట మధ్య మైదానంలో కిక్కిరిసేది, ఆ గుంపులోంచి బంతి తీసి అందించేవాడికి విలువ పెరిగేది. తోలు బంతి బరువు ఆట మొదట్లో 13 నుంచి 15 ఔన్సులు, అంటే 370 నుంచి 425 గ్రాములు. తడిస్తే అది ఎంతయ్యేదో నిబంధన పట్టించుకోలేదు. లండన్ శీతాకాలపు బురదలో ఆ బంతిని తలతో ఆడాలంటే ఎత్తూ బలమూ కావాలి. మిడెల్‌బో పొడగరి, 800 మీటర్ల పరుగులోనూ ట్రిపుల్ జంప్‌లోనూ డెన్మార్క్‌లో పేరున్న అథ్లెట్. మైదానమంతా ఎడతెగక పరిగెత్తే ఊపిరి, గాల్లోకి లేచే కాలు, రెండూ హాఫ్ బ్యాక్‌కి పెట్టుబడే. ఇంగ్లండ్ జనం అతన్ని 'గ్రేట్ డేన్' అన్నారు. డేన్ అంటే డెన్మార్క్ వాడు, గ్రేట్ డేన్ అంటే దూడంత ఎత్తు పెరిగే కుక్క జాతి. వెటకారం కాదు, ముద్దుపేరే.

1908లో ఆ డెన్మార్క్ జట్టు ఊరికే ఊడిపడలేదు. కోపెన్‌హేగన్‌లోని కేబీ (షోబెన్‌హావ్న్స్ బోల్డ్‌క్లబ్) 1876లో పెట్టిన క్లబ్బు. బ్రిటన్ దాటితే యూరప్‌లో అంత పాత ఫుట్‌బాల్ క్లబ్బు లేదంటారు. జాతీయ సంఘం 1889 నాటిది. ఇంగ్లిష్, స్కాటిష్ జట్లు వేసవిలో కోపెన్‌హేగన్ వచ్చి ఆడేవి. 1908 జట్టుకి శిక్షకుడు చార్లీ విలియమ్స్, మాంచెస్టర్ సిటీకి గోల్ కీపర్‌గా ఆడిన ఇంగ్లిష్‌వాడు. డెన్మార్క్‌లో మిడెల్‌బో క్లబ్బు ఆట ఈ కేబీలోనే. ఒక చిక్కుంది: జాతీయ స్థాయి ఛాంపియన్‌షిప్ 1912–13లో గానీ మొదలవలేదు. దాన్ని గెలిచిందీ కేబీయే. అంతకుముందు పెద్ద పోటీ అంటే కోపెన్‌హేగన్ నగరంలోపలిదే. కాబట్టి 1913కి ముందు ఆడినవాడి పేరు పక్కన 'జాతీయ టైటిళ్లు: 0' అని కనిపిస్తే ఓడిపోయాడని కాదు, అలాంటి టైటిలే లేదని.

1910 మే 5న కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ ఇంగ్లండ్ అమెచ్యూర్లని 2–1తో ఓడించింది. ఇక్కడొక మెలిక. ఈ మ్యాచుని డెన్మార్క్ పూర్తి స్థాయి అంతర్జాతీయ మ్యాచుగా లెక్కిస్తుంది, ఇంగ్లండ్ లెక్కించదు. ఒకే తొంభై నిమిషాలు ఒక పక్క పదకొండు మందికి క్యాప్ (దేశానికి ఆడినట్టు లెక్క) ఇస్తాయి, ఎదుటి పక్కన అమెచ్యూర్ క్యాప్ మాత్రమే ఇస్తాయి. అందుకే 'డెన్మార్క్ 1910లో ఇంగ్లండ్‌ని ఓడించింది' అని ఒక చోట, 'ఇంగ్లండ్ ఆ ఏడు డెన్మార్క్‌తో ఆడనే లేదు' అని ఇంకో చోట చదువుతారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కి వచ్చేసరికి మిడెల్‌బో ఫుల్ బ్యాక్. నార్వే మీద 7–0 గెలుపులో వెనక నుంచి వచ్చి ఒక గోల్ కూడా కొట్టాడు. నెదర్లాండ్స్ మీద 4–1. జులై 4న ఫైనల్లో మళ్లీ అదే గ్రేట్ బ్రిటన్, ఈసారి 4–2 ఓటమి. స్కోరు మాత్రం చూసి పక్కన పెట్టేయకండి. మొదటి అర్ధభాగం ఇంకా సాగుతుండగానే హాఫ్ బ్యాక్ చార్లెస్ బుక్‌వాల్డ్ గాయపడి బయటికి పోయాడు. సబ్‌స్టిట్యూట్ లేడని చెప్పుకున్నాంగా, మిగతా ఆటంతా పది మందితోనే. అప్పటికి స్కోరు 2–1. విరామానికి ముందే 41, 43 నిమిషాల్లో బ్రిటన్ మరో రెండు కొట్టేసింది. హాఫ్ బ్యాక్ పోతే జరిగేది అదే: వింగర్‌ని పట్టుకునేవాడు లేక ఫుల్ బ్యాక్ పక్కకి జరగాలి, జరిగితే మధ్యలో ఖాళీ. రెండో అర్ధభాగంలో సర్దుకున్నాక మాత్రం పది మంది డెన్మార్క్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, పైగా 81వ నిమిషంలో ఆంథోన్ ఓల్సెన్ ఇంకొకటి కొట్టాడు. అంటే విరామం తర్వాతి స్కోరు డెన్మార్క్ వైపు 1–0. వెనక నిలబడ్డ ఇద్దరు ఫుల్ బ్యాక్‌లలో ఒకడు మిడెల్‌బో.

ఆ రెండు ఫైనల్స్‌లోనూ బ్రిటన్ కెప్టెన్ వివియన్ వుడ్‌వర్డ్. వృత్తి ఆర్కిటెక్ట్, ఆట అమెచ్యూర్, 1909 నుంచి చెల్సీ ఫార్వర్డ్. 1908 ఫైనల్లో రెండో గోల్ అతనిదే. మిడెల్‌బో 1913–14లో చెల్సీకి వచ్చేసరికి ఐదేళ్లుగా ఎదురుబొదురుగా ఆడిన మనిషి ఇప్పుడు సొంత జట్టు సహచరుడు. అమెచ్యూర్‌ని ఎలా చూసుకోవాలో ఆ క్లబ్బుకి వుడ్‌వర్డ్ వల్ల ముందే అలవాటైంది కూడా. మిడెల్‌బో చెల్సీకి మొదటి విదేశీ ఆటగాడు. ఇంగ్లిష్ లీగ్ మొత్తానికే మొదటివాడని మాత్రం రాయకండి. జర్మనీలో పుట్టిన మాక్స్ సీబర్గ్ అతనికంటే ముందే, 1908లోనే, టాటెన్‌హామ్‌కి ఆడాడు.

1915 ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ) ఫైనల్లో మిడెల్‌బో ఆడాడా అని కొందరు అడుగుతుంటారు. లేదు. ఏప్రిల్ 24న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 0–3తో ఓడిన చెల్సీ హాఫ్ బ్యాక్ వరస టేలర్, లోగన్, వాకర్. ఆ ఫైనల్‌కి సైన్యం నుంచి సెలవు మీద వచ్చిన వుడ్‌వర్డ్ కూడా, ఫైనల్ దాకా జట్టుని తెచ్చిన బాబ్ థాంసన్ చోటు లాక్కోనని తప్పుకున్నాడు. కప్ ఫైనల్ పట్టికలో పేరు లేకపోవడాన్ని 'జట్టులోంచి తీసేశారు' అని చదవడం అప్పటి అమెచ్యూర్ల విషయంలో పనికిరాదు.

యుద్ధం అయ్యాక 1919–20 చెల్సీకి మంచి కాలం. లీగులో మూడో స్థానం, 1905లో క్లబ్బు పుట్టాక అప్పటివరకు అదే అత్యుత్తమం. కప్‌లో సెమీస్ చేరి షెఫీల్డ్ బ్రామాల్ లేన్‌లో ఆస్టన్ విల్లా చేతిలో 1–3తో ఓడిపోయింది. ఆ ఏటి ఫైనల్ జరగాల్సింది చెల్సీ సొంత మైదానంలోనే, గెలిచి ఉంటే తగవులాటే అయ్యేది. అప్పటికి మిడెల్‌బోకి 32 ఏళ్లు. పుట్టింది 1887 అక్టోబరు 5న, స్వీడన్ దక్షిణ తీరాన బ్రాంతెవిక్‌లో. పుట్టిన ఊరు చూసి స్వీడన్ ఆటగాడని రాసేవాళ్లూ ఉన్నారు.

1920 ఆగస్టు 28న బ్రస్సెల్స్‌లో అతని మూడో ఒలింపిక్స్ ఒక్క మ్యాచుతో ముగిసింది, స్పెయిన్ చేతిలో 0–1. పత్రీసియో ఏకైక గోల్ కొట్టాడు. స్పెయిన్‌కి అది చరిత్రలో మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచు, వాళ్ల గోల్ కీపర్ రికార్డో జమోరాకి కూడా మొదటిదే. పన్నెండేళ్ల కిందట తన దేశం మొదటి గోల్ కొట్టినవాడే ఇక్కడ ఇంకో దేశం మొదటి గెలుపుకి ఎదుటి కెప్టెన్.

మీరు ఇలాంటివాళ్ల రికార్డు సొంతంగా తయారు చేసుకోవాలంటే వరస ఇది. ముందు పేరుని మొదటి అక్షరంతో సహా ఖాయం చేసుకోండి, అన్నదమ్ములుంటే విడదీయండి. తర్వాత ప్రతి మ్యాచుకీ తేదీ, ఊరు, ఎదుటి జట్టు అసలు హోదా రాయండి: పూర్తి జట్టా, అమెచ్యూరా, బి జట్టా. లీగ్, కప్, యుద్ధకాలపు పోటీ, స్నేహపూర్వక మ్యాచులకి నాలుగు వేర్వేరు గళ్లు పెట్టండి, ఎప్పుడూ కలిపి కూడకండి. ప్రతి ఏడూ అతని జట్టు మొత్తం ఎన్ని ఆడిందో పక్కన వేయండి. అది లేకుండా ఇతని అంకెకి అర్థం రాదు. స్థానం మ్యాచు మ్యాచుకీ విడిగా రాయండి. మిడెల్‌బోని 1908లో హాఫ్ బ్యాక్‌గా, 1912లో ఫుల్ బ్యాక్‌గా చూశాం, 'డిఫెండర్' అని ఒక్క మాటలో తేలిస్తే సగం పోతుంది. అసిస్టుల (గోల్‌కి బంతి అందించిన లెక్క) గడి అసలు పెట్టొద్దు, వాటిని అప్పుడెవరూ రాసుకోలేదు. పాత పత్రికలు చూస్తే ఇంగ్లిష్ జట్టు పట్టికలో పేరు ముందు 'మిస్టర్' ఉందేమో గమనించండి. అమెచ్యూర్లకి అలా వేసే ఆచారం ఉండేది.

మరి ఇంగ్లండ్‌లో అతని దారిన ఇంకెందరు యూరప్‌వాళ్లు వచ్చారు అంటే, ప్రొఫెషనల్స్‌కి ఆ దారి కొన్నాళ్లకే మూసుకుపోయింది. 1931లో ఫుట్‌బాల్ అసోసియేషన్ బ్రిటిష్ పౌరులు కాని ప్రొఫెషనల్స్‌కి రెండేళ్లు అక్కడ నివాసం ఉండాలని నిబంధన పెట్టింది. రెండేళ్లు ఆడకుండా, జీతం లేకుండా కూర్చునే ప్రొఫెషనల్ ఎక్కడ దొరుకుతాడు? అది ఎత్తేసిందీ 1978లోనే, డెన్మార్క్ ప్రొఫెషనల్ ఆటని ఒప్పుకున్న ఏడాదే. మిడెల్‌బో తర్వాత డెన్మార్క్ తిరిగి వచ్చి కేబీకి శిక్షణ ఇచ్చాడు, ఆట మీద ఇంగ్లిష్‌లో పుస్తకం రాశాడు, 1976లో చనిపోయాడు. ఆ రెండు తలుపులూ తెరుచుకోవడానికి ఇంకా రెండేళ్లుంది.